మీరు సెయిలింగ్‌లో ఉంటే ఇంట్లో డబ్బు ఎవరి చేతిలో ఉంది?

ప్రశ్న: నేను నేవీలో పెట్టీ ఆఫీసర్‌ని. వయసు 34. విశాఖలో షిప్ డ్యూటీ. ఇంకో 11 నెలల్లో 15 ఏళ్ల సర్వీసు పూర్తి చేసుకుని బయటికి వస్తున్నాను. నెలకు 33,500 దాకా పెన్షన్ రావచ్చు. గత ఏడాది 7 లక్షల పర్సనల్ లోన్ తీసుకుని భోగాపురం వైపు ప్లాటుకు అడ్వాన్స్ ఇచ్చాను. వడ్డీ 11.5 శాతం, ఈఎంఐ 15,400. ఇంకో 8 లక్షలు కడితే రిజిస్ట్రేషన్ అవుతుంది. బ్యాంకు పాత లోన్ మీదే టాప్-అప్‌గా మరో లోన్ ఇస్తానంటోంది. తీసుకుని, పెన్షన్‌లో సగం కమ్యూట్ చేసి (అంటే ఆ భాగాన్ని ముందే ఒకేసారి సొమ్ముగా తీసుకుని) ఇల్లు మొదలుపెట్టొచ్చా? సేవింగ్స్‌లో 40 వేలున్నాయి. ఇంటి ఖర్చు నెలకు 32 వేలు. బయటికి వచ్చేటప్పుడు గ్రాట్యుటీ వగైరా కలిపి 11 లక్షలు వస్తాయి. జీతం ఖాతా నా ఒక్కడి పేరునే ఉంది. దసరా సెలవుల్లో నేను సముద్రం మీద ఉండగా, ఊళ్లో బాబుకు అర్ధరాత్రి జ్వరం ముదిరింది, డెంగీ అన్నారు. నా భార్య గాజులు తాకట్టు పెట్టి ఆసుపత్రిలో 90 వేలు కట్టింది.

జవాబు: మీరు ప్లాటు గురించి అడిగారు. నా మనసు మాత్రం ఆ గాజుల దగ్గరే ఆగిపోయింది.

నౌకాదళంలో పనిచేసే చాలామంది అనుకునేది ఒకటే. జీతం ఒకటో తారీఖుకు పడుతుంది, క్వార్టర్స్ ఉన్నాయి, క్యాంటీన్ ఉంది, జబ్బు చేస్తే విశాఖలో నేవీ వాళ్ల కళ్యాణి ఆసుపత్రి ఉంది, ఇక చేతిలో డబ్బెందుకని. కానీ మీ బాబుకు జ్వరం వచ్చింది విశాఖలో కాదు, ఊళ్లో. అదీ అర్ధరాత్రి. తర్వాత బిల్లు డబ్బు తిరిగి వచ్చినా రాకపోయినా, కౌంటర్ దగ్గర ముందు కట్టాల్సింది మీ భార్యే. జీతం ఖాతా మీ ఒక్కరి పేరున ఉంది, ఓటీపీ మీ ఫోన్‌కు వస్తుంది, ఆ ఫోన్ సిగ్నల్ లేని చోట ఉంది. ఆ రాత్రి ఆమె ఎంత టెన్షన్ పడి ఉంటారో ఆలోచించండి. నెలకు 15,400 ఈఎంఐ కట్టగలుగుతున్న ఇంట్లో 90 వేలకు బంగారం తాకట్టు పెట్టాల్సి రావడం, నన్నడిగితే, ప్లాటు కన్నా పెద్ద సమస్య.

ఇక టాప్-అప్. వద్దు. మరో 8 లక్షలు ఐదేళ్లకు తీసుకుంటే, ఇప్పుడున్న 11.5 శాతం వడ్డీకే లెక్కేసినా 17,600 ఈఎంఐ పడుతుంది. పాతదీ కలిపి 33,000. మీకొచ్చే పెన్షన్ 33,500. ఆ పైన సగం కమ్యూట్ చేస్తే, కోత బేసిక్ పెన్షన్‌లోనే, కరువు భత్యంలో కాదు కాబట్టి, చేతికొచ్చేది 22,700. అంటే మీ పెన్షన్ ఈఎంఐలకే చాలదు! కమ్యూట్ చేసిన భాగం తిరిగి కలిసేది 15 ఏళ్లకు. జీతం ఖాతా ఉన్న డిఫెన్స్ ఉద్యోగికి లోన్ సులభంగా ఇస్తారు. మీరు యూనిఫాం విప్పాక ఆ కంతు ఎలా కడతారన్నది వాళ్ల బాధ కాదు, మీదే.

ముందు చేయాల్సింది అత్యవసర నిధి. ఇప్పుడు ఇంటి ఖర్చు 32 వేలన్నారు. క్వార్టర్స్ ఖాళీ చేస్తే అద్దె 12 వేలు కలిపి 44 వేలవుతుంది. బయట ఉద్యోగం దొరకడానికి టైం పడుతుంది. పాన్, ఆధార్, సర్వీస్ రికార్డుల్లో భార్య పేరు ఒక్క అక్షరం తేడా ఉన్నా రక్షణ శాఖ పెన్షన్ పోర్టల్ స్పర్శ్‌లో పని ఆగి కూర్చుంటుంది. అందుకే మీకు ఆరు నెలలు కాదు, ఎనిమిది నెలల ఖర్చు ఉండాలి: సుమారు 3.5 లక్షలు. ఈ 11 నెలలూ నెలకు ఎంత వీలైతే అంత వేయండి. వేరే బ్యాంకులో, ఇద్దరి పేరునా, ఎవరైనా ఒక్కరు తీసుకునేలా జాయింట్ ఖాతా తెరవండి. ఏటీఎం కార్డు ఆమె దగ్గర, ఓటీపీ ఆమె నంబరుకు. అందులోంచి ప్లాటుకు ఒక్క రూపాయి కూడా తీయకండి.

గ్రాట్యుటీ, లీవ్ ఎన్‌క్యాష్‌మెంట్, ప్రావిడెంట్ ఫండ్ కలిపి 11 లక్షలు వస్తాయన్నారు. నిధిలో తక్కువైనది మొదట అందులోంచి పూరించండి. తర్వాత అప్పటికి మిగిలే 4.8 లక్షల లోన్ మూసేయండి. ఇంత చేశాక కమ్యూటేషన్ అవసరమే రాదు. ప్లాటు అడ్వాన్స్ తిరిగి అడగండి. పూర్తిగా రాకపోతే కొంత పోయినా సరే, బయటపడండి. మీరు సర్వీసు నుంచి రిలీజయ్యాక గ్రూప్ ఇన్సూరెన్స్ కవర్ ఇంత ఉండదు కాబట్టి, ఆరోగ్యంగా ఉన్న ఇప్పుడే టర్మ్ పాలసీ తీసుకోండి. ఎస్ఐపీలు ఉద్యోగం దొరికాక చూద్దాం.

మీ జూనియర్లలో అగ్నివీరులుంటే ఈ జవాబు వాళ్లకూ చూపించండి. నాలుగేళ్లకు వచ్చే సేవానిధి 11.71 లక్షల దాకా ఉంటుంది, కానీ పెన్షన్ లేదు, మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్ఎస్ లేదు. ఆ డబ్బును నమ్ముకుని ఇప్పుడే బైకు లోన్లు, యాప్ లోన్లు తీసుకుంటున్న కుర్రాళ్లను చూస్తుంటే భయమేస్తోంది.

షిప్ మళ్లీ కదిలే లోపే ఆ జాయింట్ ఖాతా తెరవండి. మొదటి డిపాజిట్ మీ దగ్గరున్న 40 వేలు. బోనస్ గానీ అరియర్స్ గానీ ఏది ముందొస్తే దాంతో ఆ గాజులు విడిపించండి.