వేరే కారుకు జంప్ స్టార్ట్ ఇస్తే మన కారు పాడవుతుందా?

పాడవదు. ఇంత ధీమాగా ఎందుకు చెబుతున్నానంటే, ఇదే ప్రశ్న మా పై ఫ్లాట్ ఆయన నన్ను తెల్లవారుజామున నాలుగున్నరకు అడిగారు. అప్పటికి నా కారు బ్యాటరీ దిగిపోయింది, ఆయన బ్యాటరీ నుంచి కరెంటు తీసుకుని స్టార్ట్ చేద్దామని ఆయన కారు బానెట్ తెరిచి ఉంది, నా చేతిలో కేబుళ్లున్నాయి, మా నాన్న పక్కనే సూట్‌కేసు మీద కూర్చుని గడియారం చూసుకుంటున్నారు. రైలు ఐదున్నరకి.

ముందురోజు రాత్రి సామాను సర్ది నా కారు డిక్కీ సరిగ్గా మూయలేదు. లోపలి లైటు తెల్లవార్లూ వెలిగింది. నాలుగేళ్లు వాడిన బ్యాటరీ, దానికి ఆ మాత్రం చాలు. తాళం తిప్పితే టిక్ టిక్ టిక్. నా లెక్కలో ఇది మరీ చెడ్డ శబ్దమేం కాదు. సోలినాయిడ్‌ను, అంటే సెల్ఫ్ మోటార్‌కి కరెంటు కలిపే స్విచ్‌ను, లాగేంత ఓపిక బ్యాటరీలో ఉంది, సెల్ఫ్ మోటార్‌ను తిప్పేంత లేదు, అంతే. అసలు ఏ చప్పుడూ రాకపోతేనే నాకు టెన్షన్.

పద్ధతి నాకు బాగానే తెలుసు. ఎర్ర క్లిప్పు ముందు నా బ్యాటరీ ప్లస్‌కి, రెండో కొస ఆయన ప్లస్‌కి. నల్లది ఆయన మైనస్‌కి. ఆఖరి నల్ల క్లిప్పు మాత్రం నా బ్యాటరీ మైనస్‌కి కాదు, దానికి దూరంగా ఇంజిన్ దగ్గరి లోహానికి. బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది, ఆఖరి క్లిప్పు తగిలించేటప్పుడు నిప్పురవ్వ ఎగురుతుంది, రెండూ కలవకూడదు. ఇవన్నీ ఆయనకు పాఠంలా చెబుతూ మరీ పెట్టాను. ఆయన ఇంజిన్ ఆన్ చేశారు. నేను సెల్ఫ్ కొట్టాను. టిక్ టిక్ టిక్.

ఇంకో నాలుగుసార్లు కొట్టాను. కేబుల్ ముట్టుకుంటే వెచ్చగా తగిలింది. ఈ కేబుళ్ల గురించి ఒక మాట చెప్పాలి. అట్ట మీద 1000 ఆంపియర్లు అని రాసి అమ్ముతారు. కోసి చూస్తే పైన వేలెడు రబ్బరు, లోపల పీచులాంటి తీగ. చిన్న పెట్రోల్ ఇంజిన్ తిప్పడానికే 100 నుంచి 200 ఆంపియర్లు కావాలి, అంత కరెంటు ఆ పీచులోంచి ఎలా పోతుంది? జంప్ స్టార్ట్ ఫెయిలైందని చెప్పేవాళ్లలో సగం మందికి నిజానికి ఫెయిలైంది కేబులే అని నా గట్టి నమ్మకం.

అప్పుడు జీవితంలో ఎప్పుడూ స్టీరింగ్ పట్టుకోని మా నాన్న అన్నారు: "ఒరేయ్, ఆయన కారు నడుస్తోంది కదా. నన్ను అందులో దింపేయకూడదూ?"

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. రెండు నిమిషాల్లో కేబుళ్లు పీకేసి వాళ్లిద్దరూ వెళ్లిపోయారు.

నేనొక్కడినే మిగిలాక టార్చి వేసి నిదానంగా చూస్తే తెలిసింది. ఆఖరి క్లిప్పు నేను పెట్టింది రంగు వేసిన బ్రాకెట్‌కి. రంగు మీదుగా కరెంటు ఎలా వెళ్తుంది! ప్లస్ టెర్మినల్ మీదేమో తెల్లగా, పచ్చగా పొడి పేరుకుని ఉంది, ఎర్ర క్లిప్పు దాన్నే కరుచుకుని కూర్చుంది. క్లాంప్ ఊడదీసి, శుభ్రంగా గీకి, బిగించాను. ఆయన తిరిగి వచ్చాక నల్ల క్లిప్పు ఇంజిన్ మీద రంగులేని బోల్టుకు పట్టించి, ఈసారి కంగారు పడకుండా ఆయన ఇంజిన్ నడుస్తుండగా ఐదు నిమిషాలు ఆగాను. ఒక్క సెల్ఫ్‌కే అందుకుంది, అదే పీచు కేబుల్‌తో.

మీ ప్రశ్నకు వస్తే, రెండూ 12 వోల్టుల కార్లయితే ఇచ్చేవాళ్ల కారుకు భయం లేదు. ప్లస్, మైనస్ తారుమారు చేస్తే మాత్రం ఫ్యూజులు, ఆల్టర్నేటర్ (ఇంజిన్ నడుస్తుంటే బ్యాటరీని ఛార్జ్ చేసేది, డైనమో అంటాం) డయోడ్లు పోతాయి. లారీ నుంచి తీసుకోవద్దు, అక్కడ సాధారణంగా రెండు బ్యాటరీలు కలిపి 24 వోల్టులు ఉంటుంది. మీది హైబ్రిడ్ అయితే ఇచ్చే ముందు మాన్యువల్ చూడండి, చాలావాటిలో ఇవ్వొద్దనే రాసి ఉంటుంది.

కార్లు నిజంగా పాడయ్యేది ఇంకోచోట. డైనమో పనిచేస్తోందో లేదో చూస్తానని ఇంజిన్ నడుస్తుండగానే బ్యాటరీ టెర్మినల్ పీకేసే పెద్దమనుషులు ఉంటారు చూడండి, వాళ్లను దగ్గరికి రానివ్వకండి. పాత కార్లలో చెల్లింది. ఇప్పుడు అలా పీకితే వోల్టేజి ఒక్కసారిగా ఎగిరి ఈసీయూ, అంటే ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్, పోవచ్చు. బ్యాటరీకి వోల్టులు కొలిచే మల్టీమీటర్ పెడితే సరిపోతుంది: ఇంజిన్ నడుస్తుంటే సుమారు 14 వోల్టులు, ఆపి కొన్ని గంటలయ్యాక 12.6 ఉంటే నిండుగా ఉన్నట్టు. 12 కన్నా దిగిందంటే దాదాపు ఖాళీ.

స్టార్టయింది కదా అని సందు చివరిదాకా వెళ్లొచ్చి ఆపేస్తే మళ్లీ టిక్ టిక్ మొదలవుతుంది. అరగంట నడిపినా పూర్తిగా నిండదు, రాత్రంతా ఛార్జర్ పెట్టాల్సిందే. నేను పెట్టాను, వారానికే మళ్లీ దిగిపోయింది, కొత్త బ్యాటరీ వేయించాను.

పై ఫ్లాట్ ఆయన కారు మాత్రం ఇప్పటికీ భేషుగ్గా ఉంది. ఎలా తెలుసంటే, నాన్న ఎప్పుడు ఊరెళ్లాలన్నా టికెట్ సంగతి ముందు ఆయనకే చెబుతున్నారు.