పెద్దవాళ్ళకి చదువు చెప్పే అమ్మాయికి ఫిలాసఫీ నేను రాసివ్వలేనండీ

నెల్లూరు జిల్లా నుంచి ఒక తండ్రి రాశారు. అమ్మాయి ఎమ్మెస్సీ బీఈడీ, ప్రైవేట్ స్కూల్లో చెప్తోంది, ఏడాదిగా సాయంత్రాలు ఊళ్ళో డ్వాక్రా ఆడవాళ్ళకి చదవడం రాయడం నేర్పిస్తోంది. ఇప్పుడు వయోజన విద్య మీద పనిచేసే ఒక సంస్థలో ఉద్యోగానికి అప్లై చేస్తే 'మీ టీచింగ్ ఫిలాసఫీ ఒక పేజీలో రాయండి' అన్నారట. ఆయన అడిగింది రెండు. ఆ పేజీకి శాంపిల్ ఒకటి పంపమని, లేదంటే ఇదంతా మానిపించి లక్ష రూపాయల కార్పొరేట్ ట్రైనర్ కోర్సులో చేర్పించమంటారా అని.

శాంపిల్ పంపనండీ. ఇలాంటి పేజీలు నా దగ్గరకి చాలా వస్తాయి, సగం పేజీల్లో 'నేను లెర్నర్ సెంట్రిక్', అంటే నేర్చుకునేవాళ్ళ చుట్టూనే నా పాఠం, అని ఉంటుంది, ఆ మాట తీసేస్తే రాసిన మనిషి ఎవరో తెలియదు, ఇంటర్వ్యూలో ఒక్క ప్రశ్న అడిగితే ఆగిపోతారు.

మీ ఉత్తరం చివర్లో ఒక వాక్యం ఉంది, 'ముసలమ్మలకి అఆలు చెప్పే ఉద్యోగం అంటే సంబంధాలు ఎలా వస్తాయి' అని. అసలు భయం అదే కదా, మిగతా ప్రశ్నలన్నీ దాని చుట్టూ అల్లినవే. కోపం తెచ్చుకోకండి గానీ, మీరుండేది నెల్లూరు జిల్లాలో. 1990ల మొదట్లో అక్షరదీపం అనే వయోజన విద్య క్లాసుల్లో కూర్చున్న దూబగుంట ఊరి ఆడవాళ్ళు వాచకంలో సారా గురించి రాసిన సీతమ్మ కథ చదివి, ఇది మన ఇళ్ళ కథే అనుకుని సారా దుకాణం మూయించారు, అది ఊరూరా పాకి 1993లో రాష్ట్రమంతా సారా నిషేధం దాకా వెళ్ళింది. ఆ క్లాసులు నడిపిన వాళ్ళు చెప్పింది అఆలే. మీ జిల్లా చరిత్రలో ఇంత పెద్ద పని జరిగితే, అదే పని మీ కూతురు చేస్తుంటే చెప్పుకోవడానికి మీకు సిగ్గెందుకండీ? ఈ మాట మీకు గట్టిగానే చెప్పాలనిపించింది.

ఇప్పుడు అమ్మాయికి. ఏమ్మా, పుస్తకాలు తియ్యకుండా ముందు క్లాసులో నువ్వు ఏం మార్చుకున్నావో రాసుకో. నలభై దాటిన ఆమె అక్షరం పోల్చుకోలేకపోతుంటే చాలామంది బుర్రకి ఎక్కట్లేదు అనేస్తారు, చాలాసార్లు ఆమెకి దగ్గరి చూపు ఆనదు అంతే, రీడింగ్ గ్లాసులు పెట్టిస్తే అదే ఆమె గ్యాస్ బుక్కు మీద తన పేరు వెతుక్కుంటుంది. కోడలు ముందు లేపి చదవమంటే మర్నాటి నుంచి రాదు. నాట్ల రోజుల్లో క్లాసు ఖాళీగా ఉంటుంది, అది శ్రద్ధ లేక కాదు. బ్యాంకు పాస్‌బుక్‌లో ఎంత పడిందో తనే చూసుకోవాలి అని వచ్చిన ఆమెకి అక్షరమాల మొత్తం అయ్యేదాకా ఆగమంటావా, ముందు అంకెలు, తన పేరు, డబ్బు పడ్డదా తీసినదా చెప్పే గడి చూపిస్తావా? నువ్వు ఏది చేశావో, ఎందుకు చేశావో రాస్తే అదే నీ ఫిలాసఫీ. నువ్వు నమ్మనిది కూడా ఒకటి రాయి.

ఆ తర్వాత చదువు. పేదలకి అక్షరాలు నేర్పడం గురించి రాసిన బ్రెజిల్ విద్యావేత్త పాలో ఫ్రేరీని చదువు. పెద్దలు ఎలా నేర్చుకుంటారో రాసిన అమెరికన్ మాల్కం నోల్స్‌ని కూడా చదువు, కానీ ఆయన మాటని సూత్రంలా బట్టీ పట్టకు, 1970లో పిల్లల చదువు వేరు పెద్దల చదువు వేరు అని గట్టిగా గీత గీసిన ఆయనే 1980 నాటికి ఆ గీతని మెత్తబరిచాడు.

కార్పొరేట్ ట్రైనర్ కోర్సు సంగతి. నాకు దీనిమీద అనుమానాలున్నాయి, దాచను. కంపెనీల్లో ట్రైనింగ్ ఇచ్చేవాళ్ళకి జీతాలు బాగుంటాయి, నిజమే, కానీ వాళ్ళలో ఎక్కువమంది ముందు ఆ పని ఏళ్ళ తరబడి చేసినవాళ్ళు, సేల్స్‌లోనో సాఫ్ట్‌వేర్‌లోనో బ్యాంకులోనో. కొద్ది వారాల సర్టిఫికెట్‌తో స్లైడ్లు, ఐస్‌బ్రేకర్ ఆటలు వస్తాయి, ఎదురుగా కూర్చున్న నలభై ఏళ్ళ మేనేజర్ 'మీరు ఈ పని ఎప్పుడైనా చేశారా' అంటే జవాబు రాదు. ఉద్యోగం పోయి, ఈఎంఐలు నెత్తిమీద పెట్టుకుని అమీర్‌పేటలో కొత్త కోర్సుకి కూర్చున్న మనిషి కూడా వయోజన విద్యార్థే, అతని భయం తెలియకుండా అతనికి ఏం చెప్తాం? మీ అమ్మాయికి ఆ భయం చదవడం ఇప్పటికే వచ్చు, లక్ష పోసి కొనక్కర్లేదు.

డబ్బు గురించీ దాచను. వయోజనులకి చదువు చెప్పించడానికి కేంద్రం నడిపే ఉల్లాస్ కార్యక్రమం వాలంటీర్ల మీద నడుస్తుంది, అక్కడ జీతం ఆశించొద్దు. ఇగ్నోలో అడల్ట్ ఎడ్యుకేషన్ ఎంఏ ఉంది, యూజీసీ నెట్‌లో కూడా ఇదొక సబ్జెక్టు, కానీ యూనివర్సిటీ పోస్టులు చాలా తక్కువ. కాబట్టి ఈ ఉద్యోగం చేతికొచ్చేదాకా స్కూలు మానొద్దు, వస్తే కాంట్రాక్టు ఎన్నాళ్ళు, పీఎఫ్ ఉందా అని రాతలో అడగండి. బీఈడీ ఎక్కడికీ పోదు, డీఎస్సీ దారి ఎటూ ఉంది.

పేజీ అమ్మాయి తెలుగులోనే రాయనివ్వండి, సంస్థ ఇంగ్లీషులో అడిగితే తర్వాత మార్చుకోవచ్చు. రాశాక నాకు పంపించండి, చదివి ఎక్కడ మాట గాల్లో ఉందో చెప్తాను.