నురగ నిలవాలంటే

విజయనగరం

చిరంజీవి అల్లుడికి, మావయ్య ఆశీస్సులు.

ఇక్కడ మేమంతా క్షేమం. మొన్న ఫోన్లో గెడ్డం గీసుకునే నురగ గురించి నువ్వు అడిగినదానికి అప్పటికప్పుడు నాలుగు ముక్కలు చెప్పాను గానీ అవి సరిపోవు. ఇది చేత్తో చేసే పని. మొదటి నుంచి తీరిగ్గా చెబితేనే పట్టుబడుతుంది. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

బ్రష్ కొన్నావు, గిన్నె కొన్నావు, రెండంచుల బ్లేడు వేసుకునే స్టీలు రేజర్ కూడా కొన్నావు. అయినా కుడి చెంప పూర్తయి ఎడమ చెంపకి వచ్చేసరికి నురగ ఆరిపోతోంది, మెడ దగ్గర మంట పుడుతోంది అన్నావు. క్రీము మార్చమంటావా మావయ్యా అని అడిగావు. వద్దు బావూ. ఉన్న క్రీము చాలు. కొత్తగా నేర్చుకునేవాళ్లకి నురగ కుదరకపోతే చాలావరకు లోపం నీళ్ల దగ్గరే ఉంటుంది. ఏ నీళ్లు వాడావు, ఎన్ని పోశావు, ఎప్పుడు పోశావు అన్నది చూసుకో.

ముందు ఏ నీళ్లన్నది తేల్చుకుందాం. శ్రీకాకుళంలో నీ గదికి వచ్చేవి బోరు నీళ్లన్నావు. బకెట్ అంచు చుట్టూ తెల్లగా పేరుకుంటోందా? ఒంటికి సబ్బు ఎంత రుద్దినా సరిగ్గా నురగ రావట్లేదా? మీ అమ్మమ్మ కొత్త చోట కాపురం పెడితే ముందుగా ఆ నూతి నీళ్లతో కందిపప్పు ఉడకేసి చూసేది. పప్పు ఉడక్కపోతే ఆ నీళ్లు వంటకి పనికిరావనేది. ఆ లెక్క గెడ్డం నురగకీ వర్తిస్తుంది. అలాంటి నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువగా ఉంటాయి. సబ్బు వాటితో కలిసి తెల్లటి తెట్టులా విరిగిపోతుంది. నురగ కావాల్సిన సబ్బులో కొంత అక్కడే ఖర్చయిపోతుంది. మిగిలినదానితో నువ్వు ఎంత గిలక్కొట్టినా నిలవదు.

దీనికి పెద్ద ఖర్చేమీ లేదు. తాగడానికి తెప్పించుకునే క్యాన్ నీళ్లు ఒక గ్లాసు తీసి పక్కన పెట్టుకో. బ్రష్ నానబెట్టడానికి, నురగ కలపడానికి ఆ నీళ్లే వాడు. మొహం కడుక్కోవడానికి, రేజర్ జాడించుకోవడానికి బోరు నీళ్లు ఫరవాలేదు. క్యాన్ అయిపోయిన రోజున బోరు నీళ్లనే బాగా మరిగించి చల్లార్చు. గిన్నె అడుగున తెల్లటి పొర దిగితే పైన తేరిన నీళ్లు వంచుకో. దానితో లవణాలన్నీ పోవు గానీ కొంత నయం. వానాకాలంలో డాబా మీద నేరుగా గిన్నెలో పట్టిన వాన నీళ్లయితే ఇంకా మంచివి. ఒక్కసారి వాన నీళ్లతో చేసి చూడు, అదే క్రీము ఎంత తేలిగ్గా పొంగుతుందో నీకే తెలుస్తుంది.

ఇక సబ్బు. మీ స్నేహితుడెవరో స్నానం సబ్బుతో చేసినా ఒకటే అన్నాడన్నావు. ఒకటి కాదు. స్నానం సబ్బు గబగబా బుడగలిస్తుంది, గబగబా చచ్చిపోతుంది. షేవింగ్ సబ్బుల్లో, క్రీముల్లో స్టియరిక్ యాసిడ్ అనే కొవ్వు ఆమ్లం ఎక్కువగా వేసి, దాన్ని పొటాషియం హైడ్రాక్సైడ్ అనే క్షారంతో సబ్బుగా మారుస్తారు. అందువల్ల అవి మెత్తగా ఉండి నురగ చిక్కగా, చాలాసేపు నిలుస్తుంది. తడి ఆరకుండా గ్లిజరిన్ కూడా కలుపుతారు. నీ ట్యూబు వెనక చిన్న అక్షరాలు చదివితే ఈ పేర్లు దాదాపు తప్పకుండా కనిపిస్తాయి. గట్టి సబ్బు బిళ్ల కొనాలని నీకు మనసుంటే కొన్నాళ్లు ఆగు. బిళ్ల మీద బ్రష్ ఎంతసేపు తిప్పాలి, ఎంత సబ్బు ఎక్కింది అన్నది చేతికి తెలియడానికి టైం పడుతుంది. ట్యూబు క్రీముతో అయితే ఎంత వేశావో కంటికి కనిపిస్తుంది. నేర్చుకునేవాడికి అదే మంచిది.

బ్రష్ సంగతి రెండు మాటల్లో చెప్తాను. నీది సింథటిక్ బ్రష్ అన్నావు కాబట్టి నానబెట్టక్కర్లేదు, తడిపితే చాలు. అది నీళ్లు ఎక్కువ పట్టి ఉంచుకోదు, అందుకని ముంచి తీశాక బాగా విదిలించాలి. పంది వెంట్రుకల బ్రష్ అయితే కొన్ని నిమిషాలు నానాలి, కొత్తలో కాస్త వాసన వేస్తుంది, వాడే కొద్దీ కొసలు చీలి మెత్తబడుతుంది. బ్యాడ్జర్ అనే జంతువు వెంట్రుకల బ్రష్ నీళ్లు బాగా పట్టి ఉంచుతుంది, ధర కూడా అలాగే ఉంటుంది. ఇప్పుడు నీకు వాటి అవసరం లేదు.

అసలు పని ఇక్కడ మొదలవుతుంది. బ్రష్‌ని గోరువెచ్చని నీళ్లలో ముంచి విదిలించు. వేళ్లతో నొక్కితే చుక్క రాలాలి గానీ ధార కట్టకూడదు. బాదం గింజంత క్రీము గిన్నె అడుగున రాసి, బ్రష్ కొసలతో గుండ్రంగా తిప్పు. బ్రష్‌ని కిందికి అదమకు, వెంట్రుకలు పక్కలకి చాపుకుపోతే లోపల గాలి కలవదు. మొదటి అర నిమిషం ఏమీ జరుగుతున్నట్టు ఉండదు. గిన్నె గోడలకి చిక్కటి ముద్ద అంటుకుని కదలనంటుంది. ఇక్కడే ఓపిక పోయి చాలామంది నీళ్లు ఒంపేస్తారు. నువ్వు ఒంపకు. వేళ్లు నీళ్లలో ముంచి, కొసల నుంచి మూడు నాలుగు చుక్కలు రాల్చు. మళ్లీ పదిహేను, ఇరవై సెకన్లు తిప్పు. ఆ నీళ్లు పూర్తిగా కలిసిపోయాకనే మళ్లీ నాలుగు చుక్కలు. ఇలా ఐదారు విడతలు పట్టినా పట్టవచ్చు. అంతా కలిపి రెండు నిమిషాల పని.

తిప్పేటప్పుడు చెవి పెట్టి విను. వేసిన నీళ్లు ఇంకా కలవనంతసేపూ బ్రష్ చపచపమంటుంది, బుడగలు చిట్లడం వినిపిస్తుంది. నురగ కుదిరే కొద్దీ ఆ చప్పుడు తగ్గి బ్రష్ మెత్తగా తిరుగుతుంది. కంటితో పోల్చుకోవడం కూడా నేర్చుకో. బ్రష్ పైకి లేపినప్పుడు నురగ మొన తేలి నిటారుగా నిలబడి, మెరుపు లేకుండా మొద్దుగా కనిపిస్తే చాలామంది కుదిరిందనుకుంటారు. కుదరలేదు, దానికింకా దాహం తీరలేదు. మరికొన్ని చుక్కలు పడ్డాక మొన కొస కొంచెం వంగుతుంది, పైన తడి మెరుపు వస్తుంది, బుడగ అన్నది కంటికి ఆనదు. చిలికిన గడ్డ పెరుగు ఎలా ఉంటుందో అలా ఉండాలి. ఆ హద్దు దాటి నీళ్లు పడితే బుడగలు పెద్దవై కనిపిస్తాయి, గిన్నె వాల్చగానే నురగ జారిపోతుంది. అప్పుడు కూడా పారబోయక్కర్లేదు. ఇంకాస్త క్రీము వేసి తిప్పితే మళ్లీ దారికొస్తుంది.

కంటికంటే నమ్మదగ్గ పరీక్ష ఇంకొకటుంది. చూపుడు వేలికీ బొటనవేలికీ మధ్య కాస్త నురగ తీసుకుని రుద్దు. వేళ్లు ఒకదాన్నొకటి పట్టుకోకుండా జారాలి. పట్టుకుంటే నీళ్లు చాలలేదు. జారినట్టే జారి పలచగా విడిపోతే నీళ్లు ఎక్కువయ్యాయి. గిన్నె నిండా పొంగిన నురగ చూడ్డానికి బాగుంటుంది గానీ, బ్లేడు కింద పనికొచ్చేది ఈ జారుడే. 1904లో అమెరికాలో కింగ్ జిల్లెట్ పేటెంట్ తీసుకున్న రెండంచుల పల్చటి బ్లేడు పద్ధతే ఇప్పటికీ నీ రేజర్‌ది. ఈ రోజుల్లో వాడి పారేసే రేజర్లలో చాలావాటికి జారుడు కోసం తల మీద ఒక పట్టీ అంటించి ఉంటుంది. నీదానికి అదేం లేదు. చర్మానికీ బ్లేడుకీ మధ్య నువ్వు చేసిన నురగ ఒక్కటే అడ్డు. అందుకే దీని గురించి ఇంత రాస్తున్నాను. మంట పుట్టడానికి బ్లేడునో చర్మాన్నో తిట్టుకునే ముందు వేళ్ల మధ్య నురగ జారిందా లేదా అన్నది చూసుకో.

నీ విషయంలో నా అనుమానం, నీళ్లు తక్కువవుతున్నాయని. నురగ ఆరిపోతోందన్నావు గానీ కారిపోతోందనలేదు. పైగా ఫ్యాను కింద అద్దం పెట్టుకుని కూర్చుంటున్నానన్నావు. మన ఎండల్లో ఫ్యాను ఆపమంటే కష్టమే, అయినా ఆ పది నిమిషాలు ఆపు. గాలి తగిలితే ఎంత మంచి నురగైనా చెంప మీదే ఎండిపోతుంది. బ్లేడు ఇంకా వెళ్లని చోట ఆరినట్టు అనిపిస్తే, బ్రష్ కొసలు నీళ్లకి అలా తాకించి ఆ చోట మళ్లీ రుద్దు. పొడి నురగ మీద ఎప్పుడూ బ్లేడు నడపకు.

ఇంకొక పని చెప్తాను, ఇది మాత్రం తప్పకుండా చెయ్యి. మంగళవారం, శుక్రవారం మీ అమ్మ ఎలాగూ గెడ్డం గీసుకోనివ్వదు కదా. ఆ రోజుల్లో రేజర్ ముట్టుకోకుండా నురగ మాత్రం చెయ్యి. కుదిరాక ఆపెయ్యకు. ఇంకో నాలుగు చుక్కలు, ఇంకో నాలుగు చుక్కలు అంటూ అది పూర్తిగా పాడయ్యేదాకా తీసుకెళ్లు. ప్రతి విడతకీ వేళ్ల మధ్య రుద్ది చూడు. ఎక్కడ జారుడు బాగా వచ్చింది, ఎక్కడ విరగడం మొదలైంది అన్నది ఆ ఒక్క పూటలో చేతికి తెలిసిపోతుంది. క్రీము కాస్త దండగవుతుంది, కానివ్వు. గెడ్డం గీసుకునే తొందరలో ఈ సంగతి ఎన్ని నెలలైనా తెలియదు.

గిన్నెలో చెయ్యి కుదిరాక మొహం మీదే నురగ చెయ్యడం మొదలుపెట్టు. మన సెలూన్లలో పాతకాలం పెద్దాయనలు ఉంటారు, వాళ్ల చెయ్యి గమనించు. ముందు చేత్తో నీళ్లు రాసి చెంపలు తడుపుతారు, బ్రష్ మీద క్రీము కాస్త పిండి నేరుగా గెడ్డం మీదే తిప్పుతారు, మధ్యమధ్య కొసలు మాత్రం నీళ్లకి తాకిస్తారు. నీళ్లు కొంచెం కొంచెంగా ఇవ్వడమన్న పద్ధతి అక్కడా అదే. మొహం మీద చేసే నురగకి ఒక లాభం ఉంది, బ్రష్ తిరిగే కొద్దీ వెంట్రుకలు లేచి వాటి మొదళ్లలోకి తడి వెళ్తుంది. నాకైతే ఆ పద్ధతే ఇష్టం. కానీ మొదట గిన్నెలోనే నేర్చుకో, అక్కడ నురగ ఎలా మారుతోందో కనిపిస్తుంది.

స్నానం అయ్యాక గీసుకుంటే వెంట్రుక మెత్తబడి ఉంటుందని నువ్వు చదివావన్నావు. నిజమే, తడి పీల్చుకున్న వెంట్రుక తేలిగ్గా తెగుతుంది. కానీ మన ఇళ్లలో గెడ్డం గీసుకున్నాకే స్నానం. ఆ ఆచారం మానక్కర్లేదు. వేడినీళ్లలో తువ్వాలు ముంచి పిండి, రెండు మూడు నిమిషాలు మొహం మీద కప్పుకో. ఆ తర్వాత తుడుచుకోకుండా, తడి మీదే నురగ రాయి.

గీసుకోవడం గురించి నీకు తెలిసిందే కాబట్టి క్లుప్తంగా చెప్తాను. రేజర్‌ని చర్మానికి దాదాపు ముప్పై డిగ్రీల వాలులో పట్టుకో, దాని బరువే చాలు, నువ్వు అదమకు. మొదటిసారి వెంట్రుక పెరిగిన దిశలోనే వెళ్లు. మెడ దగ్గర ఆ దిశ మారుతుంది, కొందరికి పక్కకి, కొందరికి పైకి. వేళ్లతో తడిమి చూసుకో. రెండోసారి గీయాలంటే మళ్లీ నురగ రాసుకునే గీయాలి. గిన్నెలో, బ్రష్‌లో దానికి సరిపడా మిగిలే ఉంటుంది. నీ మంటంతా మెడ దగ్గరే కాబట్టి అక్కడ కొన్నాళ్లపాటు ఎదురు గీయొద్దు.

అయ్యాక చన్నీళ్లతో కడిగి, తడి మొహం మీద పటిక ఒకసారి తిప్పి, కాసేపుంచి కడిగెయ్యి. ఎక్కడ చురుక్కుమంటే అక్కడ ఎక్కువ నొక్కావన్నమాట. మర్నాడు ఆ చోట చెయ్యి తేలిక చేసుకో.

బ్రష్‌ని జాడించి, విదిలించి, గాలి తగిలేలా బయట ఉంచు. తడి బ్రష్‌ని డబ్బాలో పెట్టి మూత వేశావంటే మన తీరప్రాంతపు చెమ్మకి బూజు పట్టేస్తుంది. బోరు నీళ్లకి వెంట్రుకలు గట్టిపడి తెల్లగా తెట్టు కడితే, ఒక గ్లాసు నీళ్లలో కాస్త నిమ్మరసం పిండి కొద్ది నిమిషాలు ముంచి కడుగు.

పైడితల్లమ్మ పండక్కి వస్తున్నావు కదా, బ్రష్, గిన్నె, ఆ క్రీము ట్యూబు సంచిలో పెట్టుకో. సిరిమాను ఉత్సవం మంగళవారం కాబట్టి గెడ్డం పని ముందు రోజు, తొలేళ్ల నాడు పొద్దున్నే పెట్టుకుందాం. మన ఇంటి మున్సిపాలిటీ కుళాయి నీళ్లతో నువ్వు నురగ చెయ్యి, నేను పక్కన కూర్చుని చూస్తాను. ఈలోగా ఏదైనా కుదరకపోతే నురగ ఫోటో తీసి పంపించు, మెరుస్తోందో లేదో చూసి చెప్తాను.

ఇట్లు,
మీ మావయ్య