పుట్టుకతో వచ్చిన బోల్టు ఏది?

ప్రశ్న: 1950 ప్రాంతంలో తయారైన ఛెవ్రొలె ట్రక్కును విప్పి, తిరిగి మొదటి రూపానికి తెస్తున్నాను. ఊడదీసిన బోల్టులలో కొన్నింటి తలలు నున్నగా ఉన్నాయి, కొన్నింటిపై మూడు గీతలు, కొన్నింటిపై ఆరు గీతలు, మరికొన్నింటిపై 8.8 అనే అంకె ఉన్నాయి. వీటిలో కర్మాగారంలో బిగించినవి ఏవో ఎలా తేల్చుకోవాలి? ఎలాగూ కొన్ని కొత్తవి కొనాలి కనుక, అన్నిచోట్లా ఆరు గీతలవే వాడితే మేలు కాదా?

జవాబు: ముందుగా 8.8 అంకె ఉన్నవాటిని పక్కన పెట్టండి. అది మిల్లీమీటర్ల కొలత బోల్టుల బలాన్ని తెలిపే గుర్తు కనుక, అంగుళాల కొలతతో తయారైన మీ బండికి వాటిని తరువాత ఎవరో తగిలించారన్నమాట. ఇక్కడ మందం కొలిచే వెర్నియర్‌ను మాత్రమే నమ్మితే మోసపోతారు. 5/16 అంగుళాల బోల్టు వ్యాసం 7.94 మిల్లీమీటర్లు, తుప్పు పట్టిన తరువాత దానికీ 8 మిల్లీమీటర్ల బోల్టుకూ తేడా చెప్పడం కష్టం. చుట్ల మధ్య దూరాన్ని పోల్చి చూపే పళ్ల పట్టీ అయిన థ్రెడ్ గేజి పెట్టి చూస్తే, మొదటి దాని ముతక థ్రెడ్డుకు అంగుళానికి 18 చుట్లు ఉంటాయి, రెండవ దానికి సాధారణంగా చుట్టుకూ చుట్టుకూ మధ్య 1.25 మిల్లీమీటర్ల దూరం ఉంటుంది. అలాంటి బోల్టును బలవంతంగా ఎక్కించిన రంధ్రంలో థ్రెడ్లు చెడి ఉండవచ్చు, అది కూడా చూసుకోండి.

ఇక గీతల సంగతి. మూడు గీతలుంటే ఎస్.ఎ.ఇ. (అమెరికా వాహన ఇంజనీర్ల సంఘం) ప్రమాణంలో గ్రేడ్ 5, ఆరు గీతలుంటే గ్రేడ్ 8, నున్నటి తల అయితే చాలావరకు గ్రేడ్ 2. ఇవి బలాన్ని చెబుతాయే గాని వయసును చెప్పవు, ఎందుకంటే నిన్న తయారైన బోల్టుపై కూడా ఇవే గీతలుంటాయి. వయసు తెలుసుకోవడానికి తలపై ఉన్న తయారీదారు ముద్రను, తల ఎత్తును, అంచు తీరును, పూతను కలిపి చూడాలి. అందుకు సాక్ష్యం దొరికేది ఎవరి చేయీ పడని చోట్లలోనే: డాష్‌బోర్డు వెనుక, సీటు కింద, రేకుల మడతల లోపల. పాత రంగు తల మీదుగా వాషరు అంచు దాకా చిట్లకుండా పరచుకొని ఉంటే, ఆ రంగు పడ్డాక అక్కడ స్పానరు పెట్టలేదని అర్థం. అదే ముద్ర ఎదురు వైపున అదే స్థానంలో కూడా కనిపిస్తే మీ అనుమానం చాలావరకు తీరుతుంది. తలలను తీగబ్రష్షుతో రాపాడించకండి. ముద్ర అరిగిపోతుంది, పైగా పాత పూత కాడ్మియం అయితే దాని ధూళి విషం. రంగు తీసే ద్రావకమే వాడండి.

స్క్రూల విషయంలో మీ పని కొంత సులువు. ఆ కాలపు జనరల్ మోటార్స్ ట్రక్కులలో డమరుకం ఆకారపు గుంట ఉన్న క్లచ్ హెడ్ స్క్రూలు చాలా వాడారు. అవి కనబడితే ఒక్కటి కూడా పారేయకండి. అయితే ఫిలిప్స్ స్క్రూలు 1930ల నుంచే కార్లలో ఉన్నందున, వాటిని చూడగానే కొత్తవని తోసిపుచ్చడం పొరపాటు.

అన్నిచోట్లా గ్రేడ్ 8 వాడాలన్న ఆలోచనను నేను సమర్థించను. మాన్యువల్‌లో ఇచ్చిన బిగింపు లెక్క అసలు బోల్టును దృష్టిలో పెట్టుకొని రాసింది. బలమైన బోల్టును దాని సొంత లెక్క ప్రకారం బిగిస్తే, బోల్టు బాగానే ఉండి పోత ఇనుములోని థ్రెడ్లు ఊడి రావచ్చు. పార్ట్స్ క్యాటలాగులో ఏ చోటికి ఏ కొలత అని ఉందో దానినే అనుసరించండి. రూపం కోసం బలాన్ని తగ్గించడం మాత్రం అసలే తగదు: గ్రేడ్ 5 ఉండవలసిన స్టీరింగు, బ్రేకు భాగాలలో నున్నటి తల బోల్టు పెట్టరాదు. కమాను పట్టీలను (లీఫ్ స్ప్రింగులను) పట్టి ఉంచే యు-బోల్టులు, స్ప్లిట్ పిన్నులు ఎంత అసలువైనా కొత్తవే వేయండి. పాతవాటిని పేరు రాసిన సంచిలో దాచుకుంటే సరిపోతుంది.