రెండో రౌండ్‌కే దమ్ము అయిపోతోంది, ఏం చెయ్యాలి?

తమ్ముడూ, నువ్వు రాసినది ఇదీ: 24 ఏళ్లు, 70 కిలోలు. రోజూ చెన్నై బెసెంట్ నగర్ బీచ్ ఇసుకలో గట్టిగా 6 కిలోమీటర్ల పరుగు, సాయంత్రం వేళచేరిలో ఎంఎంఏ (గుద్దులూ తన్నులూ కుస్తీ పట్లూ కలిసిన పోరు) క్లాసు, దాని మీద మళ్లీ బర్పీలు (నేల మీదికి వాలి, లేచి గెంతడం). ఎనిమిది వారాల్లో మొదటి అమెచ్యూర్ ఫైట్, మూడు నిమిషాలవి మూడు రౌండ్లు. అయినా రెండో రౌండ్‌కే గ్యాస్ అయిపోతున్నావు.

కష్టం తక్కువై కాదు. రోజూ ఒకే మోస్తరు కష్టం చేస్తున్నావు. అది పునాది వేసేంత నెమ్మదీ కాదు, పేలిపోయేంత వేగమూ కాదు.

రౌండ్ల మధ్య ఉండే ఆ ఒక్క నిమిషంలో గుండె వేగం ఎంత దిగుతుందన్నదే అసలు లెక్క. దాన్ని దింపేది నెమ్మది పరుగే. వారానికి మూడు రోజులు, 40 నిమిషాలు, గుండె వేగం 130–145 మధ్య. వాచీ లేకపోతే పక్కవాడితో పూర్తి వాక్యాలు మాట్లాడుతూ పరిగెత్తు, మాట మధ్యలో తెగిందంటే వేగం తగ్గించు. మార్నింగ్ వాక్ తాతయ్యలు దాటిపోయినా పట్టించుకోకు. తెల్లారి అయిదున్నరకే మొదలుపెట్టు. ఎండెక్కితే ఒళ్లు చల్లబరచడానికి రక్తం చర్మం వైపు మళ్లుతుంది, అదే వేగానికి గుండె ఇంకా ఎక్కువ కొట్టుకుంటుంది. ఇసుక మాత్రం మానెయ్. మెత్తటి చోట పిక్కలూ మడమ వెనక నరమూ పట్టేస్తాయి. అలల అంచున వాలు కాబట్టి ఒక కాలు ఎప్పుడూ పల్లంలోనే పడుతుంది. గట్టి నేల గానీ సైకిల్ గానీ చాలు.

గట్టి ఇంటర్వెల్స్, అంటే కాసేపు పూర్తి వేగం, కాసేపు విరామం, వారానికి ఒక్కసారే. 30 సెకన్లు బ్యాగ్, 30 సెకన్లు స్ప్రాల్ (కాళ్లు పట్టబోయేవాడికి దొరక్కుండా కాళ్లు వెనక్కి విసిరి కిందికి వాలడం) చేసి లేవడం, 30 సెకన్లు పార్ట్‌నర్‌ని గోడకి అదిమి అండర్‌హుక్ (వాడి చంక కింద చెయ్యి దూర్చి పట్టడం) కోసం పెనుగులాట. ఇదే వరస రెండోసారి చేస్తే మూడు నిమిషాలు. నిమిషం ఆగు. మొదట మూడు రౌండ్లు, ఐదో వారం నుంచి నాలుగు. స్ప్రాల్స్ లెక్కపెట్టు: మొదటి రౌండ్‌లో 30 సెకన్లకి తొమ్మిది వచ్చి మూడో రౌండ్‌లో ఐదే వస్తే ఆ రోజుకి చాలు. రౌండ్ అవగానే ఒకసారి, నిమిషం తర్వాత ఒకసారి నాడి చూసి రాసుకో. ఆ తేడా వారాలు గడిచేకొద్దీ పెరగాలి. పెరగట్లేదంటే ముందు నిద్ర చూడు, తర్వాత హార్డ్ స్పారింగ్ (పార్ట్‌నర్‌తో గట్టిగా తలపడే ప్రాక్టీసు) ఎన్నిసార్లు చేస్తున్నావో చూడు. వారానికి ఒకటి మించొద్దు.

ఇంకోటి, క్లించ్‌లో (నిలబడే ఒకరినొకరు పట్టుకుని పెనుగులాడేటప్పుడు) ఊపిరి బిగబడుతున్నావేమో వీడియో తీసి చూసుకో. కొత్తవాళ్లలో సగం ఆయాసం అక్కడే. ముంజేతులు మండిపోతున్నాయంటే పట్టు అవసరానికి మించి బిగించావన్నమాట. దమ్ము పెంచుతాయంటూ అమ్మే, గాలి తక్కువ అందించే ట్రైనింగ్ మాస్కుల మీద మాత్రం డబ్బు పెట్టకు.

బరువులు రెండు రోజులు: డెడ్‌లిఫ్ట్, పుల్-అప్, స్ప్లిట్ స్క్వాట్, మూడేసి సెట్లు, ఐదేసి రెప్స్. ఇంకో రెండు లేపగలను అనిపిస్తుండగానే దించెయ్. మర్నాడు కాళ్లు పట్టేస్తే స్పారింగ్ పోతుంది.

చెన్నైలో అందరూ తేలిగ్గా తీసుకునేది చెమట. క్లాసుకి ముందూ తర్వాతా ఒళ్లు తుడుచుకుని బరువు చూసుకో. 70 కిలోలతో వెళ్లి, మధ్యలో అర లీటరు తాగి, 68.6కి వచ్చావంటే పోయిన చెమట 1.9 లీటర్లు. అంటే తాగినా ఒంటి బరువులో 2 శాతం తగ్గినట్టు. అంతకు మించితే కాళ్లు బరువెక్కడం ఖాయం. తగ్గిన 1.4 కిలోలకి ఒకటిన్నర రెట్లు, సుమారు 2.1 లీటర్లు, రాత్రి పడుకునేలోపు కొంచెం కొంచెంగా తాగు. ఉత్త నీళ్లే పోస్తే ఒంట్లో సోడియం పలచబడుతుంది. ఉప్పు మజ్జిగ మంచిది. ఓఆర్ఎస్ అయితే లీటరు ప్యాకెట్టు లీటరు నీళ్లలోనే కలపాలి, గ్లాసులో కాదు.

మొదటి ఫైట్‌కి నీళ్లు మానేసి బరువు తగ్గించడం వద్దు, 70కి దగ్గర బరువు కేటగిరీలోనే దిగు. ఈ ఎండలో సౌనా సూట్ (చెమట పట్టించే, గాలాడని సూట్) వేసుకుని పరిగెత్తమని ఎవరు చెప్పినా వినకు. 2015 డిసెంబరులో చైనా ఫైటర్ యాంగ్ జియాన్ బింగ్ మనీలాలో పోటీకి ముందు బరువు తగ్గించుకుంటూనే ప్రాణం పోగొట్టుకున్నాడు.

చివరి హార్డ్ స్పారింగ్ ఫైట్‌కి పది రోజుల ముందే అయిపోవాలి. ఆఖరి వారం అన్నీ సగం చెయ్, వేగం మాత్రం అలాగే ఉంచు.