"దురదృష్టవశాత్తూ పిస్టల్ పేలలేదు" అన్న ఒక్క వాక్యం గురించి

తల్లీ,

నీ కథ అందింది. మొదటిసారి ఊరికే చదివాను. రెండోసారి పెన్సిల్ పట్టుకుని చదివాను. టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో గ్యాస్ స్టేషన్ కౌంటర్ వెనక ఆ రాత్రి డ్యూటీ, కాఫీ మెషీను మూలుగు, లాటరీ టికెట్టు గీకుతూ నిలబడే ముసలాయన, పొద్దున్నే పిల్లాడి బాక్సులో ఏం పెట్టాలా అన్న ఆమె ఆలోచన, ఇవన్నీ నువ్వు చూసి రాశావు. చూడకుండా రాసింది ఒకే ఒక్క వాక్యం. తొమ్మిదో పేజీలో, చీకట్లో ఇంటికి నడిచి పోతున్న ఆమె మీదికి వాడు వచ్చినప్పుడు, ఆమె హ్యాండ్‌బ్యాగులోంచి ఆయుధం తీసినప్పుడు: "దురదృష్టవశాత్తూ పిస్టల్ పేలలేదు."

ఆ మొదటి మాట కింద గీత పెట్టాను. ఈ ఉత్తరమంతా దాని గురించే.

పిస్టల్‌కి జాతకం ఉండదమ్మా. అది మొరాయించిందంటే ఏదో ఒక కారణం ఉంటుంది. ఆ కారణం నీకు తెలియనంత కాలం ఆ సన్నివేశం నీ చేతిలో ఉండదు.

ముందు అది ఎలా పనిచేస్తుందో చెబుతాను, ఓపిగ్గా చదువు. తూటా పేలగానే స్లైడ్, అంటే బారెల్ (గొట్టం) మీద ముందుకీ వెనక్కీ జరిగే పైభాగం, వెనక్కి దూసుకుపోతుంది. పోతూ పోతూ దానికున్న చిన్న కొక్కెంతో ఖాళీ గుల్లని గదిలోంచి (బారెల్ వెనక తూటా కూర్చుని పేలే చోటు) లాగుతుంది. ఆ గుల్ల లోపలున్న ఒక ముక్కకి తగిలి పక్కకి ఎగిరిపోతుంది. ఇంతలో పిడిలోని మ్యాగజైన్ (తూటాలు పేర్చే డబ్బా) స్ప్రింగు తర్వాతి తూటాని పైకి తోస్తుంది. బారెల్ కింద అణిగి ఉన్న ఇంకో స్ప్రింగు స్లైడ్‌ని ముందుకి తంతే, అది ఆ తూటాని నెట్టుకుంటూ నున్నటి వాలు మీదుగా గదిలోకి ఎక్కించి మూసుకుంటుంది. ఇదంతా రెప్ప వేసేలోపు అయిపోతుంది.

పెద్ద పిస్టల్‌లో ఈ పనికి చోటు ఉంటుంది. పాత 1911 మోడల్ తీసుకో: 5 అంగుళాల బారెల్, కిలోకి పైగా బరువు. స్లైడ్ బరువుగా, తీరిగ్గా, చాలా దూరం జరుగుతుంది. రహస్యంగా వెంట పెట్టుకోవడానికి చేసే చిన్న పిస్టల్‌లో ఆ చోటు లేదు. 2008లో వచ్చిన రూగర్ ఎల్‌సీపీ బారెల్ 2.75 అంగుళాలే. ఖాళీగా ఉన్నప్పుడు 300 గ్రాములు కూడా తూగదు. అంత తేలికైన స్లైడ్‌ని ఆపాలంటే గట్టి స్ప్రింగు కావాలి. జరిగే దూరం తక్కువ కాబట్టి, తర్వాతి తూటా పైకి రావడానికి దొరికే సమయమూ తక్కువే. పెద్ద పిస్టల్ సర్దుకుపోయే చిన్న లోపం దగ్గరే ఇది ఆగిపోతుంది. కార్ (Kahr) అనే పిస్టల్స్ కంపెనీ తన చిన్న పిస్టల్స్ గురించి మాన్యువల్‌లోనే రాసింది: మొదటి 200 తూటాలు కాల్చాకే దాన్ని నమ్మదగినదిగా లెక్కపెట్టమని. కొన్నవాళ్లలో ఆ పేజీ చదివేవాళ్లు తక్కువ.

ఇదంతా నేను పుస్తకాల్లో నేర్చుకోలేదు. మా ఆయన స్టోరు నడిపిన రోజుల్లో, రాత్రి గల్లా లెక్క ముగించుకుని నేనొక్కదాన్నే ఇంటికి వచ్చే ఏడాదిలో, ఒక చిన్న .380 (తూటా సైజు అది) పిస్టల్ కొన్నాను. కంపెనీ పేరు నీకు అవసరం లేదు. కాల్చడం సాధన చేసే రేంజికి తీసుకెళ్లి మొదటి పెట్టె 50 తూటాలు కాలిస్తే ఏడుసార్లు ఆగింది. నా మీద నాకు నమ్మకం పోయింది, దాని మీద అసలే పోయింది. అమ్మేద్దామనుకున్నాను.

అక్కడ నేర్పించే పెద్దాయన నాకు కాల్చడం గురించి ఒక్క ముక్క చెప్పలేదు ఆ రోజు. "ఆగినప్పుడు ఎలా కనబడింది?" అని అడిగాడు. చెప్పలేకపోయాను. "ఏ మ్యాగజైన్‌లో?" తెలియదు. "ఎన్నో తూటాకి?" అదీ తెలియదు. వచ్చేవారం నోటుబుక్కు తెమ్మన్నాడు. రెండు మ్యాగజైన్ల అడుగున గోళ్ల రంగుతో 1 అనీ 2 అనీ వేసుకున్నాను. ఆగిన ప్రతిసారీ వేలు ట్రిగ్గర్ మీంచి తీసి, గొట్టం ముందుకే ఉంచి, కదిలించకుండా ముందు చూసేదాన్ని. ఆ తర్వాతే సరిచేసి, పిస్టల్‌ని బల్ల మీద పెట్టి, తెలుగులో రాసుకునేదాన్ని.

రెండో వారం ఆరుసార్లు ఆగింది. నాలుగుసార్లు ఖాళీ గుల్ల బయటికి పూర్తిగా ఎగరకుండా స్లైడ్ మధ్య ఇరుక్కుని పొగగొట్టంలా నిలబడింది. రెండు మ్యాగజైన్లతోనూ అలా జరిగింది. మిగిలిన రెండుసార్లు తూటా మొన కిందికి వంగి, గదిలోకి ఎక్కే వాలుకి గుచ్చుకుని ఆగింది. రెండుసార్లూ 2 నంబరు మ్యాగజైనే, రెండుసార్లూ చివరి తూటానే.

పెద్దాయన ఆ పేజీ చూసి, నా పిస్టల్ తీసుకుని రెండు మ్యాగజైన్లూ కాల్చాడు. గుల్ల ఒక్కసారి కూడా ఇరుక్కోలేదు. కానీ 2 నంబరులో చివరి తూటా ఆయనకీ ఆగింది. ఒకే పిస్టల్‌లో రెండు వేర్వేరు జబ్బులున్నాయని అప్పుడు తెలిసింది. ఒకటి మ్యాగజైన్‌ది. లోపల ఒక్క తూటానే మిగిలినప్పుడు స్ప్రింగు బాగా సాగిపోయి ఉంటుంది. అది బలహీనపడితే ముందుగా బయటపడేది అక్కడే. కొత్త స్ప్రింగు వేస్తే ఆ జబ్బు పోయింది. రెండోది నాది. ఆ పిడి చిన్నది, చిటికెన వేలికి చోటుండదు. నేను దాన్ని పూలసజ్జ పట్టుకున్నట్టు పట్టుకునేదాన్ని. మణికట్టు వదులుగా ఉంటే పేలిన తోపుకి పిస్టల్ మొత్తం చేతితో పాటు వెనక్కి పోతుంది. స్లైడ్‌కి దక్కాల్సిన ఊపులో కొంత అలా వృథా అయి, అది పూర్తిగా వెనక్కి రాదు, గుల్ల బయటపడదు. ఆయన చేతిలో ఇరుక్కోనిది నా చేతిలో ఇరుక్కున్నది అందుకే.

ఆయన పెట్టిన షరతు ఒకటుంది: ఒకసారికి ఒక్కటే మార్చాలి. మ్యాగజైనూ, తూటాల కంపెనీ, నూనే ఒకే రోజు మార్చేస్తే పిస్టల్ బాగుపడినా ఎందుకు బాగుపడిందో తెలియదు. తెలియకపోతే అది మళ్లీ వస్తుంది. కథ తిరగరాసేటప్పుడు నేను ఇప్పటికీ ఈ పద్ధతే పాటిస్తాను. ముగింపు మార్చిన రోజు మొదటి పేరా ముట్టుకోను.

తూటాల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే నీ కథలో "తూటాలు నింపింది" అని ఊరుకున్నావు. సాధన చేయడానికి వాడేవి గుండ్రటి మొనవి, చవక. ఆత్మరక్షణకి పెట్టుకునేవి మొన దగ్గర గుంట ఉన్నవి, ఖరీదు. గుండ్రటివి ఆ వాలు మీద జారిపోతాయి. గుంట ఉన్న వాటిలో కొన్ని అంచు తగిలి ఆగుతాయి. నాకు ఒక రకం మొదటి తూటాకే ఆగింది, ఇంకో రకం ఎప్పుడూ ఆగలేదు. ఏ రకం సరిపడుతుందో ఆ పిస్టలే చెప్పాలి, అంటే ఆ ఖరీదైనవే కాల్చి చూడాలి. చాలామంది ఆ డబ్బు ఖర్చు పెట్టరు. చవకవి 300 కాల్చి, కొత్త రకం నింపి, బ్యాగులో పడేసి, ఇక ధైర్యమే అనుకుంటారు.

ఇంకోటి. ఇంటికి రాగానే తూటా తీసి, పొద్దున మళ్లీ అదే తూటాని గదిలోకి ఎక్కించే అలవాటు ఉంటుంది కొందరికి. వాలుకి పదేపదే కొట్టుకుని ఆ గుండు గుల్ల లోపలికి కొద్దికొద్దిగా దిగుతుంది. అలా దిగితే పేలినప్పుడు లోపలి ఒత్తిడి పెరుగుతుంది. పక్కన కొత్త తూటా పెట్టి పొడవు పోల్చి చూస్తే కంటికే తెలుస్తుంది.

ఇక బ్యాగు. రెండేళ్ల తర్వాత నా పిస్టల్ మళ్లీ ఆగింది. ఈసారి స్లైడ్ ముందుకి పూర్తిగా మూసుకోలేదు, ఒక వెంట్రుక మందం దూరంలో నిలబడింది, ట్రిగ్గర్ నొక్కితే ఏమీ లేదు. విప్పి చూస్తే లోపలంతా బ్యాగు అడుగున చేరే నలుసులు, దూది, పౌడరు. నేను ఎక్కువై పోసిన నూనె వాటన్నిటినీ పట్టుకుని జిగురు చేసింది. శుభ్రంగా తుడిచి, రాపిడి ఉండే చోట మాత్రం చుక్క చుక్క వేస్తే సరైపోయింది. అప్పటినుంచి బ్యాగులో దానికో ప్రత్యేకమైన అర, ట్రిగ్గర్‌ని పూర్తిగా కప్పే గట్టి ఒర ఉన్నాయి. తాళాలూ పెన్నులూ ఉన్న అరలో ఒర లేకుండా పిస్టల్ పెట్టడం ప్రాణాంతకం. నీ కథలో ఆమె తాళాల గుత్తి పక్కనే పెట్టింది. తెలియక పెట్టిందా, తెలిసి పెట్టిందా, పాఠకుడికి చెప్పు.

ఇప్పుడు నీ వాక్యం దగ్గరికి వస్తాను. పైన రాసిన ఒక్కో కారణమూ ఒక్కో మనిషిని చూపిస్తుంది. మణికట్టు వదులైతే, పన్నెండు గంటలు నిలబడి అలిసిపోయిన చెయ్యి అది. స్ప్రింగు బలహీనమైతే, ఎవరో వాడేసి అమ్మిన మ్యాగజైన్‌ని పది డాలర్లు మిగులుతాయని కొన్న ఇల్లు అది. జిగురు పట్టిందంటే, కొన్ననాడు తప్ప మళ్లీ దాని వైపు చూడ్డానికి భయపడిన మనిషి. మొదటి తూటాకే ఆగిందంటే, "నువ్వు రేంజికి ఎందుకు, నేను కాల్చి చూశాగా" అన్న మొగుడు ఉన్నాడు ఆ ఇంట్లో. నీ కథానాయిక వీళ్లలో ఎవరు? నాకైతే ఆ చివరిదే అనిపించింది, అయిదో పేజీలో అతని మాటతీరు చూశాక. నువ్వు ఏది ఎంచుకున్నా, దాని గింజ తొమ్మిదో పేజీకి చాలా ముందే నాటాలి.

ఆగిన తర్వాత ఏం జరుగుతుందో కూడా సరిగా రాయాలి. ఆమె పిస్టల్‌ని విదిలించగానే బాగుపడిందని రాశావు. విదిలిస్తే ఏదీ బాగుపడదు. నేర్చుకున్నవాళ్లు అరచేత్తో మ్యాగజైన్ అడుగున గట్టిగా కొట్టి, స్లైడ్‌ని వెనక్కి పూర్తిగా లాగి వదులుతారు. మ్యాగజైన్ సరిగా కూర్చోకపోయినా, ప్రైమర్ (తూటా అడుగున మందుని అంటించే చిన్న మూత) పేలకపోయినా, గుల్ల ఇరుక్కున్నా సాధారణంగా దీంతో సరిపోతుంది. రెండు తూటాలు ఒకేసారి ఎగబడి ఇరుక్కుంటే ఇది పనిచేయదు. మ్యాగజైన్ ఊడబీకి, స్లైడ్‌ని మళ్లీ మళ్లీ లాగి, మొదట్నుంచీ నింపుకోవాలి. చీకట్లో, వణికే చేతులతో, ఆ చిన్న గట్టి స్లైడ్ మీద వేళ్లు జారిపోతాయి. నేర్చుకోనివాళ్లు ఏం చేస్తారో తెలుసా? ట్రిగ్గర్‌నే నొక్కుతూ ఉంటారు. అంతకన్నా భయంకరమైన చిత్రం నువ్వు కల్పించలేవు.

చప్పుడు కూడా విను. టిక్కుమని ప్రైమర్ పేలకపోవడం వేరు, అసలు ఏ చప్పుడూ లేకపోవడం వేరు. మామూలు పేలుడు బదులు నీరసంగా "ఫట్" మన్నదంటే అన్నిటికన్నా ప్రమాదం: గుండు బారెల్‌లోనే ఉండిపోయి ఉండొచ్చు, దాని వెనక ఇంకోటి కాలిస్తే పిస్టల్ చేతిలోనే పగులుతుంది. రేంజిలో ఆ చప్పుడు వినగానే మా పెద్దాయన అందరినీ ఆపేసేవాడు.

చట్టం దగ్గర నీకు రెండు తప్పులు దొర్లాయి. ఆమె హెచ్4 వీసా (అక్కడ హెచ్1బీ లాంటి వీసాతో పనిచేసేవాళ్ల భార్యకో భర్తకో ఇచ్చేది) మీద ఉందని మూడో పేజీలో రాశావు. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం అలాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ కలిగి ఉండకూడదు. చెల్లుబాటయ్యే వేట లైసెన్సులాంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. గ్రీన్ కార్డు వచ్చాక ఆ అడ్డు ఉండదు. రెండోది, నీ కథ 2019లో జరుగుతుంది. టెక్సస్‌లో లైసెన్సు లేకుండా బహిరంగ ప్రదేశాల్లో పిస్టల్ వెంట ఉంచుకునే వీలు 2021 సెప్టెంబరు 1 నుంచే వచ్చింది, అదీ 21 ఏళ్లు నిండి, చట్టం నిషేధించని వాళ్లకి. కాబట్టి ఆమెకి గ్రీన్ కార్డూ లైసెన్సూ ఇప్పించు, లేదా అవి లేవని తెలిసే మోస్తోందని రాయి. అలా రాస్తే బ్యాగు భుజాన వేసుకున్న ప్రతిసారీ ఆ భయం ఆమె నడకలో కనబడాలి.

నువ్వు వీసా మీద ఉన్నావు కాబట్టి పిస్టల్ పట్టుకోమని నేను చెప్పను. రేంజిలో అడుగుపెట్టే అవసరమూ లేదు. నా పాత నోటుబుక్కు జిరాక్సు తీసి ఈ ఉత్తరంతో పంపుతున్నాను. చేతిరాత గజిబిజిగా ఉంటుంది, ఏడో పేజీలో నూనె మరక ఉంది, చూసుకుని చదువు.

కథ అప్పుడే తిరగరాయకు. ముందు ఒక కాగితం మీద ఆ రాత్రి ఆగిన పిస్టల్ గురించి నా నోటుబుక్కులో ఉన్నట్టే రాయి: ఏ మ్యాగజైన్, ఎన్నో తూటా, ఎలా కనబడింది, ఎవరు నింపారు, చివరిసారి ఎప్పుడు తుడిచారు. ఆ కాగితం నాకు పంపు.

ప్రేమతో,
నీ పిన్ని