సందేహాలు – సమాధానాలు: తప్పటడుగు తప్పుమాటా?

సందేహం: మా పాపకు పదకొండు నెలలు నిండాయి. పుట్టిన రోజు నుంచీ దాని సంగతులన్నీ ఒక నోటుబుక్కులో రాసుకుంటున్నాను. మొన్న ఫొటో ఒకటి బంధువుల గ్రూపులో పెట్టి "మా బంగారం తప్పటడుగులు వేస్తోంది" అని రాస్తే, మావారి బాబాయిగారు "పసిపిల్లకు ఆ మాటేమిటమ్మా, తప్పటడుగంటే చెడుదారి పట్టడం" అన్నారు. నిజమేనా? నోటుబుక్కు అట్ట మీద 'పెరుగుదల' అని రాయాలా, 'ఎదుగుదల' అనా? మా అత్తగారిది శ్రీకాకుళం వైపు. ఆవిడ 'తొమ్మిదో నెల' అన్నదీ టీకా కార్డులో 'తొమ్మిది నెలలు' అన్నదీ ఒకటే అనుకుని వెళ్లి ఓసారి ఊరికే తిరిగొచ్చాం. పాపను ఆవిడ 'గుంట' అంటే మా అమ్మ మనసు చివుక్కుమంటుంది. కాస్త వివరించండి.
– ఒక తల్లి, పెదవాల్తేరు, విశాఖపట్నం

సమాధానం: మీరు రాసింది ఒప్పే. దిద్దుకోనక్కర్లేదు.

తప్పు అంటే దోషం, నేరం అని ఒక్కటే అర్థం పెట్టుకుంటే బాబాయిగారి మాట నిజమనిపిస్తుంది. కానీ 'గురి తప్పింది', 'పట్టు తప్పింది', 'లెక్క తప్పింది' అన్నప్పుడు ఎవరూ నేరం చేయలేదు కదా. ఉండాల్సిన చోట నుంచి జారడమే అక్కడి తప్పడం. అడుగు ఒకచోట వేద్దామనుకుంటే అది మరోచోట పడితే తప్పు అడుగు. ఈ రెండు మాటలూ కలిసేటప్పుడు మధ్యలో టకారం వచ్చి చేరుతుంది. నిలువు, అద్దం కలిసి నిలువుటద్దం అయినట్టు, చిగురు, ఆకు కలిసి చిగురుటాకు అయినట్టు. బాలవ్యాకరణం దీన్ని టుగాగమం అంటుంది. అలా వచ్చిన తప్పుటడుగు నోళ్లలో నలిగి తప్పటడుగు అయింది.

ఇప్పుడు మీ పాప పాదాలు చూడండి. రెండు కాళ్లూ ఎడంగా పెడుతుంది, చేతులు భుజాల ఎత్తున గాల్లో ఉంటాయి, మడమ కంటే ముందు అరికాలంతా ఒక్కసారే నేలను తాకుతుంది. ఒక కాలు లేచేసరికి ఒళ్లంతా రెండోవైపు ఒరుగుతుంది, మూడో అడుగుకల్లా చతికిలబడుతుంది. పడటం కాదది, చతికిలబడటమే. పిర్రలు ముందు ఆనుతాయి. తప్పటడుగు అన్న పేరు ఈ నడకకే అతికినట్టు సరిపోతుంది. పెద్దవాళ్ల తొట్రుపాటుకు ఆ పేరు పెట్టింది ఈ నడకను పోల్చుకునే. చతికిలబడటం అన్న మాటను ఆటల పేజీల్లో ఓడిన జట్టుకు తగిలించినట్టే, తప్పటడుగును వార్తల పేజీలు పెద్దలకు తగిలించాయి. రోజూ అక్కడే చూస్తుంటాం కాబట్టి అదే అసలు అర్థమనిపిస్తోంది. అయినా అరువిచ్చిన వాళ్లు తమ వస్తువు తాము వాడుకోవడానికి మొహమాటపడక్కర్లేదు.

ఒక జాగ్రత్త మాత్రం చెప్తాను. సందర్భం లేని చోట, అంటే ఉట్టి శీర్షికలోనో, కాస్త పెద్ద పిల్లల గురించి రాసేటప్పుడో ఈ మాట రెండు రకాలుగా తోస్తుంది. అలాంటి చోట 'బుడిబుడి అడుగులు' మేలు. రెండూ ఒకటి కావు. తూలుతూ వేసేవి తప్పటడుగులు. తూలడం తగ్గి, చిన్నచిన్నగా, గబగబా వేసేవి బుడిబుడి అడుగులు. మీ నోటుబుక్కులో మొదటిది ముందు పేజీలో, రెండోది కొన్ని వారాల తర్వాత పేజీలో వస్తాయి. ఇంతకీ ఊతం లేకుండా నడవడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ప్రకటించిన కొలతల్లో ఉన్న వ్యవధి 8.2 నెలల నుంచి 17.6 నెలల వరకు. పక్కింటి పిల్ల పదో నెలలో నడిచిందని మీరు పేజీలు తిరగేసుకుని దిగులుపడే పనిలేదు.

నడకకు ముందు కదలికల్లో మన భాషకు ఉన్న పదును ఈమధ్య మొద్దుబారుతోంది. అన్నిటికీ 'పాకడం' అనేస్తున్నాం. పొట్ట నేలకానించి జరిగేది పాకడం. పామూ పాకుతుంది, గుమ్మడితీగా పాకుతుంది. చేతులూ మోకాళ్లూ ఆన్చి, పొట్ట పైకెత్తి కదిలేది దోగాడటం. కూచున్న చోటే పిర్రల మీద జరుగుతూ వెళ్లేది దేకడం. డాక్టరు "పాకుతోందా?" అని అడిగితే "పాకలేదండీ, దేకుతోంది" అని చెప్పగలిగిన తల్లి ఒక్క మాటలో సంగతంతా చెప్పినట్టు. దోగాడటానికి అదే కొలతల్లో వ్యవధి 5.2 నుంచి 13.5 నెలలు. కొద్దిమంది పిల్లలు అసలు దోగాడకుండానే లేచి నిలబడతారు. కూర్చోవడం కూడా అంతే. 'కూచోబెడితే కూచుంటోంది', 'చేతులు ముందుకు ఆన్చి కూచుంటోంది', 'తనే లేచి కూచుంటోంది' – ఈ మూడింటి మధ్యా నెలల తేడా ఉంది. 'కూచుంటోంది' అని మాత్రం రాసి ఊరుకుంటే రెండేళ్ల తర్వాత మీకే అర్థం కాదు.

ఇలాంటి నోటుబుక్కుల్లో ఇప్పుడు తరచు కనబడే వాక్యాల తీరు ఒకటి చెప్పాలి. 'పాప తన తలను నిలబెట్టింది', 'పాప తన మొదటి దంతాన్ని పొందింది', 'పాప తన మొదటి పదాన్ని మాట్లాడింది'. అక్షరాలు తెలుగువే గానీ ఏ అమ్మమ్మ నోటా ఇలా రావు. మెడ నిలిచింది అంటాం; అక్కడ పని చేసేది మెడ. పన్ను మొలిచింది. పాపకు మాటలొచ్చాయి, నడకొచ్చింది. ఇవన్నీ బిడ్డ పట్టుబట్టి సాధించినట్టు కాక, వచ్చి చేరినట్టు చెప్పడం మన వాక్యం స్వభావం. పాప పక్కన 'కు' చేరుతుంది, 'తన' అక్కర్లేదు. మొదటి మాటను రాసేటప్పుడు ఏమందో, ఎవరిని చూసి అందో రాయండి: 'తాతను చూసి త్తాత్త అంది'. పిల్లల మొదటి మాటల్లో ఒత్తు, జంట అక్షరాలు ఎక్కువ: అమ్మ, అత్త, అక్క, బువ్వ, తాత. రకారం ఆలస్యంగా పలుకుతుంది, కకారం తకారమై వస్తుంది. 'కారు' కాస్తా 'తాలు' అయిందంటే అది వయసు పలికించే పలుకు. రాసేటప్పుడు దాన్ని దిద్దకండి. పన్ను గురించి ఒక చిన్న ముచ్చట: నోట్లోది ఎక్కువైతే పళ్లు, మునిసిపాలిటీది ఎక్కువైతే పన్నులు. ఏకవచనంలో ఒకటే, బహువచనంలో విడిపోతాయి.

ఇక 'మైలురాయి'. పిల్లల పుస్తకాలన్నిటా ఇదే. మైళ్లు పోయి కిలోమీటర్లు వచ్చి అరవై ఏళ్లు దాటింది. మన ఊరి మీదుగా పోయే పదహారో నంబరు జాతీయ రహదారి మీద కూడా మైలురాయి కనబడదు. పిల్లల విషయంలో ఆ పని మన పెద్దవాళ్లు పిండివంటలతో చేశారు. బోర్లాపడితే బొబ్బట్లు, కూర్చుంటే కుడుములు, పాకితే పాయసం, అడుగులేస్తే అరిసెలు, గడప దాటితే గారెలు, నవ్వితే నువ్వుండలు, పలుకులకు పంచదార చిలకలు. ఇంటింటికీ ఒకటి రెండు మారతాయి. వీటిలో ఉన్నది వైద్యం కాదు, ఛందస్సు. బో–బొ, కూ–కు, అ–అ, గ–గా: పద్యంలో యతి కుదిరినట్టు కుదిరాయి. నవ్వితే నువ్వుండలులో మొదటి అక్షరాల అచ్చులు కలవవు. అక్కడ రెండో అక్షరం 'వ్వ' కలుస్తుంది, అంటే ప్రాస. అక్షరం కుదిరిన వంటనే ఎంచుకున్నారు. నాలుగైదు నెలల బిడ్డకు బొబ్బట్టేమిటని కంగారుపడకండి, అది ఇరుగుపొరుగుకు పంచేది.

పెరుగుదల, ఎదుగుదల. ఈ రెండింటినీ విడదీయడానికి తేలిక దారి, వాటి పక్కన వేరే మాటలు పెట్టి చూడటం. ధర పెరిగింది అంటాం, ఎదిగింది అనం. గోళ్లు పెరిగాయి అంటాం, ఎదిగాయి అనం. 'ఎదిగిన కొడుకు', 'ఎదిగీ ఎదగని పిల్లలు', 'ఎదుగూబొదుగూ లేని ఉద్యోగం' – వీటిలో ఎక్కడా పెరుగు ఇమడదు. కొలబద్దకు, త్రాసుకు అందేది పెరగడం. వయసుకు తగ్గ తీరు, పట్టు, బుద్ధి ఏర్పడటం ఎదగడం. మొక్క విషయంలో రెండూ చెల్లుతాయి, ఎందుకంటే అక్కడ పొడవూ పక్వమూ కలిసే నడుస్తాయి.

ఇంకొక తేడా ఉంది, నాకు ఇష్టమైనది. పెరుగు నుంచి పెంచు పుడుతుంది. పిల్లను పెంచుతాం, జుట్టు పెంచుతాం, జీతం పెంచమంటాం. ఎదుగు నుంచి అలాంటి క్రియ వాడుకలో లేదు. 'ఎదిగించు' అని ఎవరూ అనరు. మహా అయితే 'ఎదగనిచ్చాం' అంటాం. పెంచడం పెద్దవాళ్ల చేతిలో ఉంది, ఎదగడం బిడ్డ చేతిలో ఉంది అని భాషే పనులు పంచిపెట్టింది.

టీచర్ల అర్హత పరీక్షకు చదివే పుస్తకాల్లో కొలిచేదాన్ని పెరుగుదల అనీ, నడక, మాట, బుద్ధి వంటి వాటిని వికాసం అనీ విడదీశారు. చక్కటి విభజన, అయితే వికాసం పాఠ్యపుస్తకం దాటి ఇంట్లోకి రాలేదు. 'పిల్లల అభివృద్ధి' మాత్రం నాకు రుచించదు. 1975లో మొదలైన అంగన్‌వాడీ పథకం పేరులో సమగ్ర శిశు అభివృద్ధి అని ఉంది కాబట్టి ఆఫీసు కాగితాల్లో ఉండనివ్వండి. ఇంట్లో రాసుకునే పుస్తకంలో అభివృద్ధి అనగానే బీచ్ రోడ్డుకు డివైడర్లు వేస్తున్నట్టుంటుంది.

మీరు చేయదగింది ఇది. అట్ట మీద 'ఎదుగుదల' అని రాసి, లోపల బరువు, పొడవు, తల చుట్టుకొలత రాసే పేజీకి 'పెరుగుదల' అని పెట్టండి. మూడు కిలోలతో పుట్టిన బిడ్డ అయిదో నెల నిండేసరికి అటూఇటూగా ఆరు కిలోలు, ఏడాదికి తొమ్మిది కిలోలు అవుతుంది. పొడవు 50 సెంటీమీటర్ల నుంచి 75 దాకా వస్తుంది. రెండో ఏడంతా కలిపి పెరిగేది రెండు, రెండున్నర కిలోలే. ఇప్పటిదాకా 'ఒళ్లు చేసింది' అన్నవాళ్లే అప్పుడు 'చిక్కిపోయింది' అంటారు. పిల్ల చిక్కలేదు, పెరుగుదల వేగం తగ్గింది, ఎదుగుదల మాత్రం పరుగెత్తుతోంది. ఆ పేజీ తీసి చూపించండి.

టీకా దగ్గర మీకు జరిగింది వ్యాకరణం పొరపాటే. 'తొమ్మిదో నెల' అంటే నడుస్తున్న నెల. 'తొమ్మిది నెలలు నిండాయి' అంటే ముగిసిన నెలలు. ఏప్రిల్ 14న పుట్టిన బిడ్డకు డిసెంబరు 14 నుంచి జనవరి 13 దాకా తొమ్మిదో నెల. తొమ్మిది నెలలు నిండేది జనవరి 14న. తట్టు, రుబెల్లా టీకా మొదటి మోతాదు వేసేది నిండాకే. అంతకుముందు తల్లి నుంచి వచ్చిన రక్షణ పదార్థాలు బిడ్డ రక్తంలో ఇంకా మిగిలి టీకాను సరిగా పనిచేయనివ్వవు. దీనికి తోడు మీ అత్తగారు తిథులతో లెక్కపెట్టే మనిషైతే తేడా ఇంకా పెరుగుతుంది. చాంద్రమాసానికి ఇరవైతొమ్మిదిన్నర రోజులే కాబట్టి తొమ్మిది నెలలు 266 రోజుల్లో నిండుతాయి. క్యాలెండరు ప్రకారం 275 రోజులు పడుతుంది. ఆవిడ లెక్కా తప్పు కాదు, కార్డు లెక్కా తప్పు కాదు. కార్డు పని కార్డు లెక్కతో చేయించుకోండి.

'తొమ్మిదో'లో చివరనున్న ఈ 'ఓ' ప్రత్యయం అన్నప్రాశనలోనూ పనిచేస్తుంది. ఆడపిల్లకు బేసి నెల, మగపిల్లవాడికి సరి నెల అంటారు. నడుస్తున్న నెలను లెక్కపెట్టే ఇళ్లలో ఆడపిల్లకు ఏడో నెల అంటే ఆరు నెలలు నిండిన తర్వాతే. డాక్టర్లు పైఆహారం మొదలుపెట్టమనేదీ అప్పుడే. మగపిల్లవాడికి ఆరో నెల అంటే నిండినవి అయిదే. అలాంటప్పుడు ముహూర్తానికి నాలుకకు రాసి, బువ్వ మాత్రం ఆరు నెలలు నిండాక పెట్టేవాళ్లున్నారు. మీ నోటుబుక్కులో ఎక్కడైనా 'అన్నప్రాసన' అని ఉంటే దిద్దండి. ప్రాశనం అంటే తినిపించడం, అక్కడ ఉండాల్సింది తాలవ్య శకారం.

ఏడాది దాటాక కూడా ఇదే పద్ధతి. 'ఏడాది నిండింది', 'రెండో ఏడు పడింది' రెండూ ఒకే రోజు. ఏడు అన్న అంకెకూ ఏడు అన్న సంవత్సరానికీ ఒకప్పుడు రాతలో తేడా ఉండేది, సంవత్సరానికి అరసున్న ఉంది: ఏఁడు. ఆ సున్న పోయినా 'ఏండ్లు' అనేవాళ్ల నోట్లో దాని ఆనవాలు ఇంకా మిగిలే ఉంది.

చివరగా గుంట. మీ అమ్మగారి ఊళ్లో గుంట అంటే నేలలో గొయ్యి, తెలంగాణలో భూమి కొలత. ఉత్తరాంధ్రలో ఆడపిల్ల, మగపిల్లవాడైతే గుంటడు. కోపంలో అంటే తిట్టే, ముద్దుగా అంటే ముద్దే; మనిషి గొంతును బట్టి. సింహాద్రి అప్పన్న కొండ మీద పుట్టువెంట్రుకలు తీయించడానికి వచ్చిన ఏ కుటుంబం మాటలు విన్నా ఇది తెలుస్తుంది. 'మా గుంట' అన్నప్పుడు ఆ 'మా' ఎంత గట్టిగా పడుతుందో మీ అమ్మగారిని ఒకసారి వినమనండి. ఇక్కడి క్రియకూ ఒక సొగసుంది: 'వచ్చేసింది' అనరు, 'వచ్చీసింది' అంటారు, త్వరగా అనరు, బేగి అంటారు. పాప నాలుగు అడుగులు తిన్నగా వేసిన రోజున మీ అత్తగారు "ఓలమ్మో, గుంట బేగి నడిచీసింది!" అంటే, ఆ మాటను ప్రమాణ భాషలోకి దిద్దకుండా, తేదీ వేసి అలాగే రాసుకోండి.